వెండితెర మీద పల్లెటి వలపు

తెలుగు చిత్రాలలో పల్లెటూరి ప్రేమకథ ఎక్కడ పుట్టిందని అడిగితే మద్రాసు స్టూడియోల పేర్లు చెప్పేవారే ఎక్కువ. కెమెరా తిరిగింది మద్రాసులోనే, కాదనలేము. కాని ఆ కెమెరా ముందు నిలిచినవారు, వెనక నిలిచినవారు, డబ్బు పెట్టినవారు, బాణీలు కట్టినవారు ఏ ఊళ్ల నుంచి వెళ్లారో ఒకసారి లెక్క చూడండి. గుడివాడకు పక్కనే నందివాడ మండలంలో ఉన్న రామాపురం అక్కినేని నాగేశ్వరరావుగారి స్వగ్రామం. పామర్రు దగ్గరి నిమ్మకూరు నందమూరి తారక రామారావుగారిది. "దేవదాసు"కు దర్శకత్వం వహించిన వేదాంతం రాఘవయ్యగారిది కూచిపూడి. "రోజులు మారాయి" చిత్రానికి బాణీలు కట్టిన మాస్టర్ వేణుగారిది బందరు. "మాలపిల్ల" తీసిన గూడవల్లి రామబ్రహ్మంగారు కృష్ణాజిల్లా నందమూరులో పుట్టారు. ఆ చిత్రం నిర్మించిన సారథి సంస్థ చల్లపల్లి రాజావారిది. ఒక్క రోజు ప్రయాణంలో చుట్టి రాదగిన ఊళ్లు ఇవన్నీ!

వీరెవరూ పల్లెటూరిని పుస్తకాలు చదివి తెలుసుకున్నవారు కారు. గట్టు తగాదా ఎట్లా మొదలవుతుందో, పెళ్లి సంబంధం ఎక్కడ తెగుతుందో వీరికి చిన్ననాటినుంచీ ఎరుక. అందుచేత వీరు తీసిన చిత్రాలను ఒక ప్రశ్న అడగటం న్యాయమే. ప్రేమ ఒకవైపు, ఆచారం ఒకవైపు నిలిచినప్పుడు తీర్పు చెప్పినది ఎవరు? ఆ తీర్పుకు ముందు పిల్లనొకసారి అడిగారా?

వలపు పాట పాతదే

ప్రేమ అనేది సినిమాలు తెచ్చిపెట్టిన జబ్బు అని విసుక్కునే పెద్దలు ప్రతి తరంలోనూ ఉంటారు. వారు గుడివాడ నుంచి మొవ్వ దాకా వెళ్లివస్తే చాలును. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య పదాలన్నీ మువ్వగోపాలుని మీద వలపుతో నిండినవే. పక్కనే కూచిపూడిలో సత్యభామ అలకను, విరహాన్ని, పశ్చాత్తాపాన్ని భామాకలాపంగా తరతరాలుగా ఆడుతూనే వచ్చారు. ఆ ఆట చూడటానికి తెల్లవార్లూ కూర్చున్నవారిలో అమ్మమ్మలూ ఉన్నారు, కరణాలూ ఉన్నారు, పాలేళ్లూ ఉన్నారు. వలపు మన డెల్టాలో ఆచారానికి బయట ఎన్నడూ లేదు. ఆచారంలోనే దానికొక పీట వేసి ఉంచారు.

ఐతే ఒక చిత్రం ఉన్నది. ఆ సత్యభామ వేషం కట్టినది మగవాడు. కూచిపూడి మేళాలలో స్త్రీ వేషాలన్నీ పురుషులే ధరించేవారు. నాటకాలలోనూ అంతే. నాగేశ్వరరావుగారు రంగస్థలం మీద మొదట పేరు తెచ్చుకున్నది స్త్రీ పాత్రలతోనే. బెజవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారు నాటకం వేయిస్తూ రామారావుగారికి స్త్రీ పాత్ర ఇస్తే, ఆయన మీసం తీయనని పట్టుబట్టి "మీసాల నాగమ్మ" అనిపించుకున్న కథ అందరికీ తెలిసినదే.

నవ్వుకోవటానికి బాగానే ఉంది. కాని ఆలోచిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆడదాని మనసులోని తపన ఊరంతటికీ కంఠతా వచ్చు. అయితే అది మగగొంతులో వచ్చు. అదే ఊళ్లో, అదే రాత్రి, ఆట చూచి ఇంటికి వెళ్లిన పిల్లకు మేనబావ ఉంటే మాట అప్పటికే అయిపోయి ఉండేది. లేకపోతే పెళ్లిచూపులు, తల వంచుకుని కూర్చోవటమే ఆ పిల్ల చెప్పవలసిన సమాధానం. సత్యభామ అలిగితే చప్పట్లు కొట్టిన ఊరే, తన ఇంటి పిల్ల అలిగితే తలుపు వేసింది. సినిమాకు వారసత్వంగా దక్కినవి ఈ రెండూను.

నిప్పు అంటుకుంటే గాని

1938లో "మాలపిల్ల" వచ్చింది. కథ గుడిపాటి వెంకటచలంగారిది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. కల్యాణపురం అనే పల్లెలో దేవాలయ ప్రవేశం కోసం ఆనాటి మాటలో హరిజనులు ఉద్యమిస్తారు. ఆలయం పెత్తనం చేసే సుందరరామశాస్త్రి ససేమిరా అంటాడు. ఆయన కొడుకు నాగరాజు మాలపల్లెలోని సంపలతను ప్రేమిస్తాడు. ఊళ్లో బ్రతకనివ్వరు కనుక వాళ్లు కలకత్తా చేరతారు. గోవిందరాజుల సుబ్బారావుగారు శాస్త్రిగాను, కాంచనమాల సంపలతగాను నటించారు.

చెన్నరాష్ట్రంలో ఆలయ ప్రవేశం ఇంకా చట్టానికి ఎక్కని రోజులవి. అట్టి రోజులలో మాలపల్లె పిల్ల కథానాయిక అయింది, పైగా చిత్రానికి పేరే ఆమెది. ఆ ధైర్యానికి ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఇక ముగింపు చూడండి. శాస్త్రి ఇల్లు అంటుకుంటుంది. ఆయన భార్యను ప్రాణాలకు తెగించి కాపాడినది ఆయన అంటరానివాడన్న మనిషి. అప్పుడు శాస్త్రి మనసు కరుగుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి, ప్రేమికులకు ఆశీస్సులు లభిస్తాయి.

అంటే ఏమిటి? పెద్దమనిషి ఇల్లు తగలబడి, ఆయనకు మేలు జరిగితే గాని ఆ పిల్లకు న్యాయం జరగలేదు. ఇల్లు తగలబడని ఊళ్ల మాట ఏమిటి? 1938లో ఆ ప్రశ్న అడగటం తొందరపాటే అయి ఉండవచ్చు. కాని తరువాత చాలా చిత్రాలు ఇదే బాట పట్టాయి. చివరి రీలులో ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకోవటం, చేతులు కలపటం, శుభం కార్డు పడటం!

మల్లి, పార్వతి, రత్తాలు

1951లో బి. ఎన్. రెడ్డిగారి "మల్లీశ్వరి" వచ్చింది. కథాకాలం శ్రీకృష్ణదేవరాయలది, కాని దాని గుండెలో ఉన్నది మన పల్లెటూరే. మల్లి, నాగరాజు బావామరదళ్లు. భానుమతిగారు, రామారావుగారు. మేనరికం ఉన్న చోట ప్రేమకు అడ్డు ఉండదు కదా అనుకుంటాం. కాని బావ పేదవాడు. మల్లి తల్లికి బంగారం మీద మక్కువ. ఒక వానరాత్రి సత్రంలో మారువేషంలో ఉన్న రాయలవారిని గుర్తించక, మా మల్లికి రాణివాసపు పల్లకీ పంపించండని నాగరాజే పరిహాసమాడతాడు. పల్లకీ రానే వస్తుంది. రాణివాసం వెళ్లిన పిల్ల తిరిగి రాకూడదన్నది కట్టుబాటు.

ఆ పల్లకీ అడిగినది బావ, పంపినది రాజు, ఎక్కించినది తల్లి. ఎక్కిన పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ చిత్రం అంత అందంగా ఉండటానికి కారణాలు అనేకం. ఇన్నేళ్లయినా గుండె పట్టేయటానికి మాత్రం ఇదొక్కటే కారణమని నా నమ్మకం.

1953లో "దేవదాసు." శరత్‌బాబు నవల వంగదేశానిది. కాని పార్వతి ఇంటికీ దేవదాసు ఇంటికీ మధ్య గోడ ఎటువంటిదో గుడివాడ ప్రేక్షకునికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పొరుగింటి సంబంధం, అంతస్తు తక్కువ సంబంధం అంటూ ఎగతాళి చేసే పెద్దలు అతనికి తెలిసినవారే. ఈ కథ తలుచుకోగానే అందరికీ సీసా పట్టుకున్న నాగేశ్వరరావుగారే కళ్లకు కడతారు. కాని అర్ధరాత్రి పరువును పణంగా పెట్టి దేవదాసు గదికి వెళ్లినది ఎవరు? పార్వతి. సావిత్రిగారు. మన తెరమీద ఒక పల్లెటూరి పిల్ల తన నోటితో తన మాట చెప్పిన అరుదైన ఘట్టం అది. ఆమె అడిగింది, అతడు తడబడ్డాడు. ఆ తడబాటుకు అతడు తాగి ఏడ్చాడు, లోకం అతనికోసం ఏడ్చింది. ముసలి జమీందారు ఇంట రెండో పెళ్లి ఇల్లాలై, పెద్ద పెద్ద సవతి బిడ్డల మధ్య ఆమె ఎట్లా కాలం గడిపిందని మనం అంతగా తలుచుకోము. కడపట ఆ ఇంటి గేటు ఆమె కళ్లముందే మూసివేస్తారు. ఆచారం అనే మాటకు అంతకన్న స్పష్టమైన బొమ్మ వేయటం కష్టం.

1955లో "రోజులు మారాయి" మరో దారి తొక్కింది. దర్శకుడు తాపీ చాణక్య, ధర్మారావుగారి కుమారుడు. రైతు బిడ్డ వేణుగా నాగేశ్వరరావుగారు నాగలి పడితే, అది పట్టటం చేతనైన చెయ్యి అని ప్రేక్షకులకు తెలిసిపోయేది. కొసరాజుగారి ఏరువాక పాటకు వహీదా రెహమాన్ చేసిన నృత్యం ఊరూరా మారుమోగింది. ఇందులో ప్రేమ విడిగా నిలబడదు. భూమి కోసం జరిగే పోరుతోపాటే నడుస్తుంది. షావుకారు జానకిగారి రత్తాలు కష్టజీవుల పిల్ల. ఆమెను కులం తక్కువ అని చులకన చేసే పెత్తందారూ, పేదవాడి పొలం కాజేసే పెత్తందారూ ఒక్కడే. కట్టుబాటు వెనక ఎవరి కమతం ఉన్నదో చూడమని ఈ చిత్రం చెప్పింది. జమీందారీ మీద దెబ్బతీసిన "రైతుబిడ్డ"ను 1939లోనే తీసినదీ, ఈ చిత్రాన్ని తీసినదీ చల్లపల్లి జమీందారు నెలకొల్పిన సారథి సంస్థే కావటం విధి చేసిన చమత్కారం!

ఆ చిత్రంలోని పల్లెకు ఇప్పుడు మరొక విలువ వచ్చింది. నందివాడ చుట్టుపట్ల వరిచేలుగా ఉండిన భూములు చాలావరకు చేపల చెరువులైనాయి. ఏరువాక సాగిన చోట నేడు ఏరేటర్లు తిరుగుతున్నాయి. నాటి పల్లె చూడాలంటే నాటి బొమ్మ వేసుకోవలసిందే.

ఏడడుగుల ప్రశ్న

"మాలపిల్ల" అడిగిన ప్రశ్నను 43 ఏళ్ల తరువాత కె. విశ్వనాథ్‌గారు మళ్లీ ఎత్తుకున్నారు. ఆయన పుట్టిన ఊరు కృష్ణకు ఆవలి ఒడ్డున, రేపల్లె దగ్గర. 1981లో వచ్చిన "సప్తపది"లో యాజులుగారు నిష్ఠాపరుడైన వైదికుడు. మనవరాలు హేమను మనవడు గౌరీనాథ్‌కు ఇచ్చి పెళ్లి చేస్తాడు. కాని హేమ మనసు అప్పటికే వేణువు ఊదే హరిబాబు మీద నిలిచింది. అతడు హరిజనుడు. పెళ్లయిన రాత్రి గౌరీనాథ్‌కు భార్యలో అమ్మవారు కనబడుతుంది. తాళి కట్టినా, ఏడడుగులు నడిపించినా ఆమె తనది కాలేదని అతడు గ్రహిస్తాడు. చివరకు యాజులుగారే ఊరిని ఎదిరించి ఆమెను హరిబాబుతో పంపిస్తారు. జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్‌దత్ పురస్కారం ఈ చిత్రానికి లభించింది.

ఇక్కడ ఇల్లు అంటుకోలేదు. ముసలాయన తన శాస్త్రాన్ని తానే తరచి చూచుకుని, మనసులేని మంత్రం పెళ్లి కాదని తేల్చుకున్నాడు. ఆచారాన్ని బయటినుంచి కొట్టలేదు. దాని లోతులోనికే దిగి సమాధానం తెచ్చాడు. "మాలపిల్ల"కంటే ఇది పెద్ద అడుగు. సోమయాజులుగారి నటన అందుకు తగినట్టే ఉంది.

అయినా ఒక్క మాట చెప్పక తప్పదు. హేమ సంగతి భర్తకు తెలిసింది, తాతకు తెలిసింది, చూచే మనకందరికీ తెలిసింది. కాని పెళ్లికి ముందు ఆమె నోరు విప్పి చెప్పలేదు, చెప్పనిచ్చినవారూ లేరు. మొదట ఒక్కసారి అడిగి ఉంటే ముగ్గురి బ్రతుకులకు అంత క్షోభ లేకపోను.

చైనా పల్లెల్లో

ఈ ప్రశ్న మనకొక్కరికేనా? కాదు. దీనికొక ముచ్చటైన సంబంధం కూడా ఉన్నది. "మల్లీశ్వరి"ని 1953లో చైనాలో చైనా భాష ఉపశీర్షికలతో ప్రదర్శించారు. పెద్దలు కుదిర్చే బలవంతపు పెళ్లిళ్లను రద్దుచేస్తూ చైనాలో కొత్త వివాహ చట్టం వచ్చి అప్పటికి 3 సంవత్సరాలే. పల్లకీ ఎక్కిన మల్లి కన్నీరు అక్కడి రైతుబిడ్డకు అర్థమయ్యే ఉంటుంది.

మన మల్లి అక్కడికి వెళ్లింది. మరి అక్కడి పిల్లలు మన వద్దకు వచ్చారా? ఆలస్యంగా వచ్చారు. 1984లో చెన్ కైగే తీసిన "పసుపు నేల" అనే చిత్రంలో కాలం 1939. జానపద గీతాలు సేకరించటానికి ఒక సైనికుడు ఉత్తర చైనాలోని మెట్ట పల్లెకు వస్తాడు. అతడు బస చేసిన ఇంటిలో చ్వీచావ్ అనే చిన్నపిల్ల. ఆమెకు చిన్నతనానే సంబంధం నిశ్చయమయింది. పిల్లకు ఇచ్చిన ఓలి డబ్బు తల్లి అంత్యక్రియలకు, తమ్ముడి సంబంధానికి ఖర్చయిపోయింది. ఇక తిరిగి ఇచ్చే మార్గం లేదు. తండ్రి దుర్మార్గుడు కాడు. మాట కలపని, బీదతనంతో వడలిన మనిషి, అంతే. పెళ్లి జరుగుతుంది. ఒక రాత్రి ఆ పిల్ల పసుపునది దాటి పోదామని పడవ ఎక్కుతుంది. చీకట్లో ఆమె పాట వినబడుతూ వినబడుతూ మధ్యలో ఆగిపోతుంది. ఆమె ఏడుపు పాటగా ఉన్నంతవరకు ఊరు వింటుంది, సైనికుడు పుస్తకంలో రాసుకుంటాడు. కష్టం తీర్చమంటేనే ఎవరూ ఉండరు. మువ్వ పదాలు వింటూ పెరిగిన మనకు ఆ బాధ పరాయిది కాదు.

ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడుగా పనిచేసిన జాంగ్ యిమో తరువాత తానే దర్శకుడై 1999లో ఒక చిత్రం తీశాడు. దాని చైనా పేరుకు "మా నాన్న, మా అమ్మ" అని అర్థం. ఇతర దేశాలలో "ఇంటి దారి" అన్న అర్థంతో వ్యవహరిస్తారు. 2000లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో దానికి వెండి ఎలుగు బహుమతి వచ్చింది.

కథ చాలా చిన్నది. పట్నంలో ఉన్న కొడుకు తండ్రి చనిపోయాడని పల్లెకు వస్తాడు. తండ్రి ఆ ఊరి బడిపంతులు. శవం దూరాన పట్నంలో ఉంది. దానిని బండి మీద తేకూడదు, మనుషులు మోసుకుని నడిచి రావాలి, అప్పుడే ఆయన ఇంటి దారి మరవడని తల్లి పట్టు. ఊళ్లో మోసే పడుచువాళ్లు లేరు. అందరూ బ్రతుకు తెరువుకు పోయారు. ఇక్కడినుంచి కథ వెనక్కు, వాళ్ల పడుచుదనంలోకి వెళ్తుంది. ఇప్పటి కాలమంతా నలుపు తెలుపుల్లో, గడిచిన కాలం రంగుల్లో కనబడుతుంది.

ఆ పడుచు పేరు దీ. బడి కట్టేటప్పుడు వాసానికి చుట్టే ఎర్రబట్టను ఊళ్లో చక్కని చుక్క నేయాలని ఆచారం; ఆమె నేసింది. కట్టే చోటికి ఆడవాళ్లు రాకూడదని ఇంకొక ఆచారం. ఆమె దూరంనుంచే చూచింది. పనివాళ్లకు ఇంటికొకరు వంట చేసి తెచ్చి పెట్టటం రివాజు. పంతులు తన గిన్నె తీసుకుంటాడేమోనన్న ఆశతో ఆమె తన నీలిపూల గిన్నెను ముందు వరుసలో పెట్టేది. ఏ గిన్నె ఎవరు తీశారో తెలిసే వీలు లేదు. ఆ పిల్ల ఒక్క కట్టుబాటునూ తెంచలేదు. ప్రతి కట్టుబాటునూ తన మనసు చెప్పుకునే సాధనంగా మలుచుకుంది. కన్నెపిల్ల ముగ్గులో గొబ్బెమ్మ ఎక్కడ పెట్టిందో చూచి ఎదురింటివాడు అర్థం చేసుకున్నట్టు!

రాజకీయ కారణాలచేత పంతులును పట్నానికి పిలిపిస్తారు. ఆమె గిన్నె పట్టుకుని బండి వెంట పరుగెత్తి పడిపోతుంది, గిన్నె పగిలిపోతుంది. ఆమె తల్లికి కళ్లు లేవు. పంతులుతో మనకు తూగదని మొదటినుంచీ వారించిన తల్లే ఆమె. పగిలిన పెంకులను ఊరికి వచ్చిన అతుకులవాడి చేత చెప్పాపెట్టకుండా అతికించి ఉంచుతుంది. కొత్తది కొనటానికంటే అతుక్కే ఎక్కువ అవుతుందని వాడన్నా వినదు.

మన చిత్రాలలోని పెద్దల కన్నీళ్లన్నీ ఒక ఎత్తు, ఆ గుడ్డితల్లి అతికించిన గిన్నె ఒక ఎత్తు అనిపిస్తుంది నాకు. ఆమె ఆశీర్వదించలేదు, ఉపన్యసించలేదు. కూతురి మనసు ఎటు పోయిందో గుర్తించింది; ఆ గుర్తింపు తెలిసేలా ఒక పని చేసింది. కొడుకు చెప్పుకున్నట్టు, ఆ ఊళ్లో తమంతట తాము ఇష్టపడి చేసుకున్న మొదటి పెళ్లి వాళ్లదే.

కడపట శవాన్ని మోయటానికి కూలికి మనుషులను కుదురుస్తారు. కాని మంచు కురుస్తుండగా, వార్త విని ఎక్కడెక్కడినుంచో పంతులు శిష్యులు వచ్చి భుజం మార్చుకుంటూ మోస్తారు. నూరుమందికి పైగా వచ్చారు; ఒక్కరూ డబ్బు ముట్టలేదు. పోయేటప్పుడు నలుగురు మోసేవాళ్లను సంపాదించుకోవాలని మన పెద్దలు అంటూ ఉంటారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, తాళాలు వేసిన ఇళ్లు వరుసగా కనబడే గుడివాడ ప్రాంతపు పల్లెల్లో ఆ దృశ్యం చూచి కదలనివారు ఉండరు. ఆచారమంటే ఆడపిల్లను కట్టే తాడు మాత్రమే కాదు, పోయిన మనిషిని ఇంటికి నడిపించే దారి కూడా కాగలదని ఆ చిత్రం చూపింది.

అడగటమే ఆచారమైతే

మన చట్టాలు ఎప్పుడో ముందుకు వెళ్లాయి. 1954లో ప్రత్యేక వివాహ చట్టం, 1955లో హిందూ వివాహ చట్టం వచ్చాయి. వయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడి పెళ్లాడితే కుటుంబం, కులం, సంఘం ఒప్పుకోవలసిన పని లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా కులం కాని వాణ్ణి చేసుకున్నదని కన్నబిడ్డ బ్రతుకునే చిదిమివేసిన వార్తలు తెలుగునేల మీదనే ఇంకా వినవలసి వస్తున్నది. అటువంటి తండ్రులలో "మాలపిల్ల" కథ విననివారు ఉండవచ్చు. "దేవదాసు" చూచి ఏడవనివారు మాత్రం ఉండరు. తెరమీది పిల్లకోసం కన్నీరు కార్చినవాడు ఇంట్లోని పిల్ల దగ్గర రాయి ఎందుకు అవుతున్నాడు?

నాకు తోచిన జవాబు ఒక్కటే. మన కథలు పెద్దల మనసు మారటం గురించే చెబుతూ వచ్చాయి. అందుచేత ఆ మనసు మారనంతకాలం పిల్లకు హక్కు లేదని మనం తెలియకుండానే నేర్చుకున్నాం. దయ చూపటం పెద్దల వంతు, ఎదురు చూడటం పిల్లల వంతు అయిపోయింది. పార్వతి అర్ధరాత్రి అడిగిన ప్రశ్నకు మన చిత్రసీమ, మన ఇళ్లు ఇంకా పూర్తిగా బదులు చెప్పలేదు.

ఈ పాత చిత్రాలన్నీ ఇప్పుడు ఇంట్లోనే, పిల్లా పెద్దా కలిసి కూర్చుని చూడగల వీలుంది. తప్పక చూడండి. చూచిన తరువాత పాటలు బాగున్నాయనీ, నటన బాగుందనీ ఊరుకోకండి. మల్లిని అడిగితే ఏమనేది, హేమను అడిగితే ఏమనేదని మీ అమ్మాయిని అడగండి. ఆ పిల్ల చెప్పే సమాధానంలో మల్లి సంగతి కొంతా, తన సంగతి కొంతా ఉంటుంది. ఆ రెండోది జాగ్రత్తగా వినండి. పెళ్లిచూపుల నాడు కాఫీ పళ్లెం చేతికిచ్చేముందు తల్లి కూతురితో విడిగా ఒక్క నిమిషం మాట్లాడటాన్ని మనం ఆచారంగా పెట్టుకోకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.